మహారాజశ్రీ ఓటు లింకు గారికి

విశాఖపట్నం నుంచి తమ నమ్మకమైన ఓటరు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం వేరే అడగనక్కర లేదు, పొద్దున ఆరింటి నుంచి నా ఫోన్లోనే ఉన్నారు కదా.

ఊరంతా గోడల మీద బొమ్మలు వేయించి, గెలుపోటములు జనం ఓటుకే వదిలేస్తామని నిర్వాహకులు ప్రకటించినప్పుడు నేను సంబరపడ్డాను. కమిటీ లేదు, సిఫార్సు లేదు, ‘మనవాడే’ అనే మాట లేదు అనుకున్నాను. ఆ మాటను తమరు మోసుకొస్తారని అప్పుడు తెలియదు.

మా తోడల్లుడి దగ్గర నుంచి వచ్చారు. “అన్నయ్యా, మా అమ్మాయి బొమ్మ. ఇంట్లో ఉన్న ఫోన్లన్నిటి నుంచీ వేయించాలి” అని. వేయించాను. నాది, మా ఆవిడది, పిల్లలిద్దరివీ అయ్యాక మెట్లు దిగి వాచ్‌మన్ ఫోను కూడా అడిగి తీసుకున్నాను. ఓటీపీ అంకెలు ఒక్కొక్కటే చదివి చెబుతూ ఆయన “ఇది ఏ బొమ్మ బాబూ?” అన్నాడు. అప్పుడు గాని బొమ్మ చూడాలని నాకు తోచలేదు. తపాలా బిళ్లంత ఉంది. చేపో, పడవో. “మనవాళ్లది” అన్నాను. ఆయనకు తృప్తి కలిగింది. నాకూ కలిగింది.

తమరి అమెరికా బంధువుల సంగతి కొంత చదివాను. మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో 2009లో ఆర్ట్‌ప్రైజ్ అనే కళల పోటీ మొదలుపెట్టి, 2,50,000 డాలర్ల మొదటి బహుమతిని జనం ఓటు చేతిలో పెట్టారు. గెలిచింది రాన్ ఆర్ట్‌నర్ వేసిన సముద్రం. ఒడ్డూ పడవా ఏమీ లేవు, ఉత్త అలలు. సముద్రం లేని ఊరు, మోజు పడ్డారు పాపం. మనకు అది రోజూ ఉచితం. దానికి వీపు పెట్టి సెల్ఫీ దిగి, మొక్కజొన్న పొత్తు తిని ఇంటికి వెళతాం. 2010లో గోడంత పెన్సిల్ చిత్రం గెలిచింది. 2012లో మళ్లీ పెన్సిలే, ఈసారి ఏనుగులు. చూడగానే ‘అబ్బ, ఎన్నాళ్లు గీశారో’ అనిపించాలి, అంతే.

ఆ లెక్కన మన బీచ్ రోడ్డులో పోటీ పెడితే కుర్సురాకు తిరుగు లేదు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో పదవీ విరమణ చేసి, 2002 నుంచి ఒడ్డున మ్యూజియంగా కూర్చున్న జలాంతర్గామి అది. కళ కాదంటారా? లోపలికి వెళ్లడానికి ఒక వరస, బయట ఫొటోకు ఇంకో వరస. గురజాడ, శ్రీశ్రీ విగ్రహాలకు డిపాజిట్లు దక్కవు.

తమ వంశాన్ని పూర్తిగా నిందించను. 2014లో అక్కడ జనం ఓటుకు 2 లక్షల డాలర్లు, న్యాయనిర్ణేతలకు మరో 2 లక్షలు సమానంగా పెట్టారు. లాహోర్‌లో పుట్టిన అనీలా ఖయ్యూమ్ ఆఘా ఒక కొయ్యపెట్టెకు జాలీలు కోసి, లోపల ఒకే ఒక్క బల్బు పెట్టి, గది నిండా నీడలు పరిచారు. జనం ఆమెకే వేశారు. న్యాయనిర్ణేతలూ తమ బహుమతిలో సగం ఆమెకే ఇచ్చారు. అప్పుడు అక్కడ ఓటరు ఊళ్లోకి వచ్చి నమోదు చేసుకోవాల్సి ఉండేది. ఆ నీడ తమ చొక్కాల మీద పడ్డాక ఓటు వేసినవాళ్లు వాళ్లు. నేను మంచం మీద పడుకుని వేశాను.

ఓటింగు ముగిసే రోజు సాయంత్రం జాలారిపేట వైపు నడుస్తుంటే ఒక ప్రహరీ గోడ కనిపించింది. గోడ పొడవునా వల. మనుషులు లేరు, చేపలు లేవు, సూర్యాస్తమయం కూడా లేదు. ముడి పక్కన ముడి, ప్రతి ముడికీ సన్నటి నీడ. ఒక పెద్దాయన సైకిలు ఆపి, దగ్గరగా వెళ్లి, వల కన్ను ఒకదానిలో రెండు వేళ్లు ఆనించి కొలిచాడు. “నెత్తళ్ల వల” అన్నాడు, నాతో కాదు. ఇంకో నాలుగు ముడులు చూసి, “ముడి సరిగ్గానే వేశాడు” అన్నాడు. ఓటు వేస్తారా అని అడిగాను. జేబులోంచి బొత్తాల ఫోను తీసి చూపించాడు. తమరు అందులోకి దిగరట. నా ఓట్లు ఐదూ అప్పటికే ఖర్చయిపోయాయి.

మా తోడల్లుడి కూతురు గెలిచింది. అది పడవేనట. మిఠాయి పంపించారు, కాజాలు బాగున్నాయి. విజేతను అభినందిస్తూ పెద్ద ఫ్లెక్సీ కూడా వేయించారు. కట్టడానికి వేరే చోటు దొరకలేదు కాబోలు, ఆ వల గోడకే కట్టారు. సముద్రపు గాలికి ఇప్పటికి కింది మూల చిరిగింది. అందులోంచి మూడు ముడులు కనిపిస్తున్నాయి.

ఇట్లు,
ఐదు ఓట్ల విధేయుడు