కోబయాషీ గారికి న్యాయం జరగాలి

వెస్ ఆండర్సన్ తీసిన బొమ్మల సినిమా ‘ఐల్ ఆఫ్ డాగ్స్’ 2018లో వచ్చింది. చూసినవాళ్లంతా కుక్కల మీద జాలిపడ్డారు. అందులోని మెగసాకి అనే కల్పిత జపాన్ నగరానికి మేయరైన కోబయాషీ గారి తరఫున మాట్లాడే నాథుడే లేకపోయాడు. ఆ లోటు తీర్చక తప్పడం లేదు.

ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటి? ఊళ్లో కుక్కలకు జబ్బు ముదిరింది. ఆయన కమిటీ వేసి, దాని మీద ఉపసంఘం వేసి కాలం గడపలేదు. ఒక్క ఉత్తర్వుతో కుక్కలన్నింటినీ చెత్త దీవికి తోలేశారు. మొదట పంపింది ఎవర్ననుకున్నారు? సొంత ఇంటి కుక్కను! తాను పెంచుకుంటున్న కుర్రాడు అటారికి కాపలాగా ఉన్న స్పాట్స్‌ను. చట్టాన్ని తన గుమ్మంలోంచే మొదలుపెట్టే నాయకుడు మనకెక్కడ దొరుకుతాడు?

మందు కనిపెట్టిన శాస్త్రవేత్తను సుషీలో వేసే వసాబి కారంలో విషం పెట్టి చంపించారంటారు. పరిపాలనలో చిన్నా చితకా పొరపాట్లు జరుగుతుంటాయి. పక్కన మేజర్ డోమో అనే అనుచరుడున్నాడు కదా, నింద అతని మీదికి నెట్టెయ్యొచ్చు. పీఏలు ఉన్నది ఎందుకు?

ఈ దర్శకుడి పనితనం చూడండి. లండన్ స్టూడియోలో బొమ్మల్ని నిలబెట్టి, వెంట్రుకవాసి జరపడం, ఫొటో తీయడం, మళ్లీ జరపడం. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు. మనిషి చెయ్యి తగిలిన ప్రతిసారీ బొచ్చు చెదిరి, గాలి లేకపోయినా రెపరెపలాడుతుంది. కుక్కలు కొట్లాడుకుంటే లేచే దుమ్ము దూది. ఆ విషపు సుషీని కోసే ఘట్టం నిమిషం కూడా ఉండదు, తీయడానికి మాత్రం వారాలు పట్టింది. మేయర్ గారైతే అన్ని వారాల్లో ఊరినే కడిగేసేవారు.

కుక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు. తిండికి గతిలేదు గానీ, అడుగు తీసి అడుగు వెయ్యాలంటే ఓటింగు! రెక్స్ ప్రతిపాదిస్తాడు, చీఫ్ వద్దంటాడు, ఓడిపోతాడు. చెత్తకుప్ప మీద ఇంత ప్రజాస్వామ్యమా?

అసలు ఘోరం విచారణలో ఉంది. కుక్కలకు బ్రయాన్ క్రాన్‌స్టన్, బిల్ మరే, స్కార్లెట్ జొహాన్సన్ గొంతులు, చక్కటి ఇంగ్లీషు. మేయర్ గారు మాత్రం జపనీస్‌లో మొత్తుకుంటారు, చాలాచోట్ల సబ్‌టైటిళ్లు కూడా లేవు. దుబాసి దయతలిచి చెప్పినంతే మనకు దక్కేది. జపాన్ కథలో జపాన్‌వాళ్ల మాటే వినబడకపోతే ముద్దాయి వాంగ్మూలం విన్నదెవరు? అక్కడ కుక్కల తరఫున లేచిన తిరుగుబాటుకు నాయకురాలు కూడా అమెరికా నుంచి చదువుకోవడానికొచ్చిన పిల్లే. ఇక పిల్లులు! మేయర్ గారి వంశానికి కుక్కలంటే పగ, పిల్లులంటే ప్రాణం. ఇంత గొడవకూ మూలమైన ఆ జాతికి ఒక్క డైలాగు లేదు. బెర్లిన్ సినిమా ఉత్సవంలో దర్శకుడికి వెండి ఎలుగుబంటి బహుమతి ఇచ్చారు. ఎలుగుబంటికైనా చోటు దొరికింది గానీ పిల్లికి దొరకలేదు.

చివరికి అటారి ప్రాణం మీదికొస్తే తన కిడ్నీ ఇచ్చింది ఈ దుర్మార్గుడే. కిడ్నీతోపాటు మేయర్ కుర్చీ కూడా ఆ కుర్రాడికే దక్కింది. వయసు 12. వరసకు దూరపు మేనల్లుడు. వారసత్వ రాజకీయం అనే మాట ఇప్పుడెవరూ ఎత్తరేం?