ఎడమ పిక్క గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎడమ పిక్క గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఆనవాయితీ. ఉన్నట్టుండి అదరడం మొదలుపెట్టిన తమరు కుశలమో కాదో తేల్చుకోవడానికే ఈ ఉత్తరం కాబట్టి ఆ మాట ప్రస్తుతానికి వాయిదా వేస్తున్నాను.

అదరడం మనవాళ్లకు కొత్త కాదు. అశోకవనంలో సీతమ్మకు ఎడమ కన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదిరితే అన్నీ శుభశకునాలే అయ్యాయి. పిక్క ప్రస్తావన అక్కడ లేదు. ఆ చిన్నతనం తమరి మనసులో ఉండిపోయిందేమో. మా అమ్మమ్మ కాలంలో కూడా ఎక్కడ అదిరినా చుట్టాలు రావడమో, సొమ్ము చేతికందడమో, మహా అయితే ఇంట్లో చిన్న గొడవో! అంతకు మించిన ఫలితం ఎవరూ చెప్పలేదు. తమరి హయాంలో శకునశాస్త్రం ఫోనులోకి చేరింది. అది కాఫీ, నిద్రలేమి, అలసట, ఆందోళన అనే కారణాలను గబగబా దాటించి, నన్ను తిన్నగా అమయోట్రోఫిక్ లేటరల్ స్క్లెరోసిస్ దగ్గర దించింది. కండలను కదిలించే నరాలు క్రమంగా చచ్చుబడిపోయే జబ్బు అది. ఫ్రాన్సు వైద్యుడు షార్కో 1869లో దాన్ని వర్ణించాడు. నాకు వచ్చింది అదేనని అర్ధరాత్రి దుప్పటి కింద పడుకుని నేను తేల్చేశాను. దాన్ని తేల్చడానికి షార్కో గారు శవపరీక్షలు చేయాల్సి వచ్చింది, పాపం.

ఆ తర్వాత నా చేత తమరు చేయించినవి ఒకటా రెండా? దర్జీ టేపు తెప్పించి రెండు పిక్కలూ కొలిపించారు. తేడా వచ్చింది. రెండు కాళ్లూ అచ్చుగుద్దినట్టు ఉండే మనుషులు అరుదని టేపు మీద రాసి ఉండదు కదా! మడమల మీద వంటింటి దాకా, మునివేళ్ల మీద తిరిగి హాలు దాకా నడిపించారు. ఇదేం నాట్యమని మా ఆవిడ అడగలేదు, పిల్లల్ని పక్కగదిలోకి పంపించేసింది. అద్దం ముందు నాలుక చాపిస్తే అదీ వణికింది. చాపిన నాలుక ఎవరిదైనా కాస్త వణుకుతుందట. వైద్యులు దాన్ని నోట్లోనే కదలకుండా ఉంచి చూస్తారట. ఈ సంగతి తెలిసేలోపు వీలునామా ముసాయిదా సిద్ధమైంది.

తమరి గడుసుతనమంతా నరాల డాక్టరు గారి ముందు బయటపడింది. రాత్రంతా ఎగిరిన తమరు, ఆయన ప్యాంటు పైకి మడవమనగానే, పై అధికారి తనిఖీకి వచ్చిన ఆఫీసులా సద్దుమణిగిపోయారు. ఆయన అదురు గురించి పెద్దగా అడగనే లేదు. నడుస్తుంటే చెప్పు జారిపోతోందా, చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, అన్నం కలపడం కష్టంగా ఉందా, మాట ముద్దగా వస్తోందా అని అడిగారు. సుత్తితో మోకాలు తట్టారు. పాదంతో తన చేతిని నెట్టమన్నారు. నెడితే ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. ఆ జబ్బులో చూడాల్సింది బలం తగ్గడం, కండ కరగడమేనని, ఇంకేమీ లేకుండా అదురొక్కటే ఉంటే సాధారణంగా భయపడనక్కర్లేదని చెప్పి పంపేశారు.

అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు ఇలాంటి అదురున్న 121 మందిని 2 నుంచి 32 ఏళ్ల దాకా గమనించి, ఒక్కరికీ ఆ జబ్బు రాలేదని 1993లో ప్రకటించారు. నాకు సంతోషం కలగాలి. తమరు మాత్రం 122వ వాడి సంగతేమిటని అడిగారు. వైద్యులకే ఈ భయం పట్టుకోవడం చూసి, ఆస్ట్రేలియా నరాల వైద్యులు 2013లో దానికొక పేరు కూడా పెట్టారు. చదువుకున్నవాళ్ల పిక్కలే ఎక్కువ వాగుతాయన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం తమరి మీద నాకు నిజంగా కోపం. ఆ జబ్బు వచ్చినవాళ్లకు ముద్ద మింగడం, ఊపిరి తీసుకోవడం రోజూ యుద్ధమే. వాళ్ల కష్టాన్ని అరువు తెచ్చుకుని, రెండో కప్పు కాఫీ తాగిన మనిషిని బెదిరించడం మర్యాద కాదు.

కనుక ఇకపై మధ్యాహ్నం దాటాక కాఫీ ఉండదు. రాత్రి ఫోను హాల్లోనే ఉంటుంది. టేపు దర్జీకి తిరిగి వెళ్లింది. చెప్పు జారితే, బలం తగ్గితే డాక్టరు గారితో మాట్లాడతాను, తమరితో కాదు. అంతవరకు తమరి ఇష్టం వచ్చినట్టు అదరవచ్చు.

ఇట్లు,
మోకాలికి పైన నివసించు
తమ విధేయుడు

ప్రతులు: కుడి పిక్క గారికి, సమాచార నిమిత్తం. ఎడమ కనురెప్ప గారికి, వారి దరఖాస్తు తిరస్కరించడమైనది.