ఆ వాంపైర్ పుస్తకం తిరిగిచ్చెయ్యండి సార్

మా అన్నయ్య కూతురు ఇంటర్ ఫస్టియర్, హాస్టల్లో ఉంటోంది. పోయిన వారం దాని పరుపు కింద వాంపైర్ నవల దొరికిందని వార్డెన్ లాక్కున్నారు. అక్కడితో ఆగారా, మా అన్నయ్యకి ఫోన్ చేసి "మీ అమ్మాయి దెయ్యాల పుస్తకాలు చదువుతోంది, కాస్త కనిపెట్టుకోండి" అని చెప్పారట. అన్నయ్య కంగారుగా నాకు ఫోన్. "ఏటే ఇది? గుంటకి ఏటైనా ఐపోనాదా?"

ఏమీ అవలేదన్నయ్యా. పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లు, ఆదివారం టెస్టు. రక్తం తాగేవాళ్ల గురించి ఆ పిల్ల చదవకపోతే ఆశ్చర్యపోవాలి గానీ!

"లేని దెయ్యాల కథలు ఎందుకండీ" అంటారు కొందరు. కన్యాశుల్కంలో గవరయ్య దెయ్యాన్ని సీసాలో బంధించానంటే మన విజయనగరం నవ్వింది, ఉందని నమ్మి నవ్వలేదుగా. లేవని పిల్లలకీ తెలుసు. అయినా అవి కావాలి వాళ్లకి. ఎందుకో నాకు అర్థమైంది మాత్రం 2018 అక్టోబర్‌లో, తిత్లీ తుపాను వచ్చినప్పుడు.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఆ తెల్లవారుజామున తలుపుకి బీరువా అడ్డం జరిపి అందరం ఒకే గదిలో కూర్చున్నాం. బయట కొబ్బరిచెట్టు పడ్డ ప్రతిసారీ నేల అదిరేది. మా నాన్న మొదట లెక్కపెట్టాడు, తర్వాత మానేశాడు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి ఎనిమిదేళ్లది మా మేనకోడలు. చీకట్లో నా పక్కన చేరి "అత్తా, దెయ్యం కత సెప్పు" అంది. ఇంత జరిగాక ఇంకా దెయ్యమేంటే అనుకుంటూనే, మా చిన్నప్పుడు తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్న సంగతి చెప్పాను. రాత్రి దెయ్యం వస్తుంది, అది చదువుకుంటుంది, రేపు వద్దాంలే అని వెళ్లిపోతుంది. (మన దెయ్యాలకి తెలుగు చదవడం వచ్చు, ఇప్పటి పిల్లలకి రావట్లేదు. అది వేరే పోస్టు.)

అది కాసేపు ఆలోచించి అడిగింది: "మరి రాత్తే గాలి కూడా ఎల్లిపోద్దా అత్తా?"

నా దగ్గర జవాబు లేదు. గాలి ఎవరి మాటా వినదు. దెయ్యం వింటుంది. డ్రాక్యులా నవల 1897 నాటిది. అందులోనూ ఇంతే, ఇంట్లోవాళ్లు పిలవందే రక్తపిశాచి గడప దాటలేడు. తుపానుకీ ర్యాంకుకీ నాన్న అప్పుకీ లేని గడియ ఒకటి ఈ కథల్లో ఉంది. అది వేసుకుని పడుకుంటారు పిల్లలు.

ఇంకో సంగతి. నా చిన్నప్పుడు మా పక్కింటి అప్పకి పదిహేడేళ్లకే పెళ్లి కుదిర్చారు. వారం తిరక్కుండా "గాలి సోకింది". జుట్టు విరబోసుకుని, కన్నతండ్రిని పట్టుకుని "ఒరే, నానెల్లనురా ఆ ఇంటికి" అని అరిచింది. మంత్రగాడు వచ్చి వేపమండలతో కొట్టాడు. కొట్టింది దెయ్యాన్నేనట, వాతలు మాత్రం అప్ప వీపు మీద తేలాయి. పెళ్లి అయిపోయింది. ఆ ఒక్క మాట అనడానికి ఆవిడకి దెయ్యం నోరు కావాల్సొచ్చింది.

ఇప్పటి టీనేజ్ కథల్లో ఆ పిల్లే తోడేలు అవుతుంది, ఆ పిల్లే కోరలు చూసుకుంటుంది. ఒళ్లు మారిపోతోంది, గొంతు మారిపోతోంది, ఎక్కడ లేని కోపం వస్తోంది, అద్దంలో ఉన్నది ఎవరో తెలీదు. పదహారేళ్ల వాళ్లకి ఇది కల్పనలా అనిపిస్తుందా? ఫ్రాంకెన్‌స్టైన్ నవల రాయడం మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి పద్దెనిమిదేళ్లు. అందులో వికృతజీవిని పుట్టించినవాడే దాన్ని చూసి పారిపోతాడు, పేరైనా పెట్టడు. ఆ నవల ముందు తల్లిదండ్రులు చదవాలంటాను.

అలాగని అన్నీ నెత్తిన పెట్టుకోను. 2005లో వచ్చి ప్రపంచమంతా ఊగిపోయిన వాంపైర్ ప్రేమ నవల ఒకటుంది, అందులో వందేళ్లు దాటిన మహానుభావుడు పదిహేడేళ్ల పిల్ల గదిలోకి రాత్రిపూట దూరి, నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. అది ప్రేమట! మా వీధిలో ఎవడైనా ఆ పని చేస్తే చెట్టుకి కట్టేస్తారు. దీని గురించి పిల్లలతో మాట్లాడండి సార్, గంటసేపు మాట్లాడండి. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆ మాట ఎప్పుడొస్తుంది?

నిన్న ఆదివారం ఫోన్ టైములో పది నిమిషాలు దొరికింది. ఇంకో కాపీ కొంటున్నానని చెప్పాను. కాసేపు చప్పుడు లేదు, తర్వాత గొంతు తగ్గించి అంది: "పైన ఫిజిక్స్ రికార్డు అట్ట ఎయ్యత్తా. మా వార్డెన్ ఫిజిక్స్ జోలికి రారు."