నడవకూడని బాట: నిర్మాణ విధానం

మన జిల్లాలో ఇల్లు కట్టుకున్నవాళ్ల మీద ఈమధ్య ఒక కొత్త బాధ్యత పడింది. గేటుకీ గుమ్మానికీ మధ్య ఉన్నది పదిహేనడుగులు. అందులోనే రాతి బాట ఉండాలి, దానికి రెండు పక్కలా పూలమొక్కలు ఉండాలి. శ్రీకాకుళం శివారు కాలనీల్లో గృహప్రవేశానికి వెళ్తే వంటగది కంటే ముందు బాటనే చూపిస్తున్నారు. చూపించి, "పక్కనుంచి రండి బాబూ, మాసిపోద్ది" అంటున్నారు.

ఇందులో నవ్వాల్సిందేమీ లేదు. బాట ఉన్నది నడవడానికే అనుకోవడం పాతకాలపు చాదస్తం. శాలిహుండం కొండ మీద స్తూపానికి రాతి మెట్లు వేసినవాళ్లు పాపం జనం ఎక్కాల్సిన చోటికే దారి వేశారు. ఎదురుగా వంశధార పారుతున్నా సెల్ఫీలకి ఒక మలుపు పెడదామని తోచలేదు వాళ్లకి. మనం ముందుకు పోవాలి కదా.

ముందు రాయి సంగతి. టెక్కలి నీలి గ్రానైటు ఓడలెక్కి దేశాలు పోతోంది. అంత రాయి పక్కనే ఉండగా నాపరాయి మొహం చూడటమెందుకు? మన మొహం మనకి కనపడేంత పాలిష్ ఉన్న పలకలే కొనాలి. అదే గ్రానైటుని మంటతో కాల్చి గరుకు చేయిస్తే వానలోనూ కాలు నిలుస్తుంది. కాలు నిలిస్తే జనం నడిచేస్తారు, మన ఆశయం మట్టిలో కలుస్తుంది. పాలిష్ పలక మీద నాలుగు చినుకులు పడితే చాలు, పాలబ్బాయి గేటు దగ్గరే ఆగి గిన్నె తెమ్మంటాడు. వానలు లేని మే నెలలో ఎండ ఆ పని చూసుకుంటుంది. చెప్పులు విడిచి వచ్చే చుట్టాలు గడ్డి వెతుక్కుంటారు.

తర్వాత పునాది. ఇక్కడ మేస్త్రితో జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే అతనికి పని వచ్చు. 7 అంగుళాలు తవ్వుదాం, 4 అంగుళాలు కంకర పోసి దిమ్మిసతో కొడదాం, పైన అంగుళం ఇసుక, దాని మీద 2 అంగుళాల బండలు, సందుల్లో ఇసుకే, నీరు కిందకి ఇంకిపోద్ది అంటాడు. వినకూడదు. కింద సిమెంటు, సందుల్లో సిమెంటు, అంచుల్లో సిమెంటు. అప్పటికీ ఊరుకోడు.

"నీరు ఏ పక్కకి ఎల్లాలో సెప్పండి బాబూ. మీటరుకి 2 సెంటీమీటర్లయినా వాలు ఉండాల."

"నీటి సంగతి తర్వాత. ముందు రసమట్టంలో బుడగ మధ్యకి రావాలి."

2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లాలో ఈ మాట అనాలంటే చాలా గుండెధైర్యం కావాలి. మనవాళ్లకి ఉంది.

ఇక వంపులు. గేటు నుంచి గుమ్మానికి తిన్నగా వేస్తే అది దారి, మూడు వంపులు తిప్పితే డిజైను. కొరియర్ కుర్రాడు మొదటి వంపు దాకా వచ్చి, గుమ్మం ఎటుందో చూసుకుని, గడ్డికి అడ్డం పడి పోతాడు. పనిమనిషీ అంతే, ఇంటాయనా అంతే, చీకటి పడ్డాక చూడాలి. నెల తిరిగేసరికి గడ్డి చచ్చి, తిన్నటి మట్టి కాలిబాట ఒకటి తేలుతుంది. దాన్ని ఎవరూ గీయలేదు, దానికి ఎవరూ డబ్బివ్వలేదు, అందుకే దాని మీద అందరూ నడుస్తారు. ఇంటాయన మాత్రం దాన్ని చూడనట్టే ఉండాలి.

మొక్కల దగ్గర చాలామంది తప్పుతున్నారు. మూడడుగుల బాటకి అంచున గడ్డిగులాబీలు వేస్తే నేలనంటుకుని ఎండలో పూస్తాయి, వెనక వరసలో కనకాంబరాలు వేస్తే సాయంత్రం ఆడవాళ్లు కోసుకుంటారు. అంటే మళ్లీ మనుషులు దిగుతారు! కడియం నర్సరీ వ్యాను వచ్చినప్పుడు కాగితం పూల తీగలే దించుకోవాలి, రెండు వైపులా. ఏడాదికి ముళ్లకొమ్మలు బాట మధ్యలో చేతులు కలుపుతాయి. పట్టుచీర కట్టుకున్న ఏ పేరంటాలూ అటు రాదు.

ఇంత చేశాక కూడా బాట ఖాళీగా ఉంటుందని నమ్మకం లేదు. ఏప్రిల్లో ఒక పొద్దున్న అత్తగారు మేడమెట్లు ఎక్కలేక పాత పంచె తడిపి గ్రానైటు మీద పరిచి, గేటు దాకా మినప వడియాలు పెట్టేస్తుంది. రాయి వేడికి అవి తొందరగా ఎండుతాయి. మర్నాటికి పక్కింటివాళ్ల గుమ్మడి వడియాలూ, ఎదురింటివాళ్ల ఎండుమిరపకాయలూ వచ్చి చేరతాయి. ఇంటాయన కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ నిలబడితే, అత్తగారు పిండి చెయ్యి తుడుచుకుంటూ అంటుంది: "ఆ మేస్త్రెవడో గానీ బాబూ, మట్టం బాగా కుదిర్చాడు. ఒక్క వడియం జారలేదు."