మునక్కాయ పిప్పి మీద పంచనామా

మా వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. 'టు-లెట్. రెండు పడక గదులు. మంజీరా నీళ్లు. శాకాహారులకు మాత్రమే.' చివరి మాట కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీశారు. మంజీరా నీళ్ల కింద గీతలేమీ లేవు. ఆ నీళ్లు వారానికి ఎన్నిసార్లు వస్తాయో తెలిసినవారు ఆ సంయమనాన్ని మెచ్చుకుంటారు.

ఇలాంటి అట్ట హైదరాబాదులో ప్రతి రెండో వీధిలో కనిపిస్తుంది. 2014లో జనాభా లెక్కలు తీసే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేసిన సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో నూటికి దాదాపు 99 మంది మాంసాహారులని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో 98 మంది. అంటే మిగిలిన ఆ ఒక్కరి కోసం, ఆ ఒక్కరి సుఖం కోసం, ఇంతమంది గృహస్థులు అప్పులు చేసి ఇళ్లు కట్టి ఎదురుచూస్తున్నారు. ఏ రాత్రి ఎవరి ఇంట్లో పడుకోవాలో తేల్చుకోలేక ఆ ఒక్కరూ ఎంత సతమతమవుతున్నారో!

నేను ఉంటున్న ఇల్లు కూడా అలాంటి అట్ట చూసి వెళ్లి సంపాదించినదే. ఓనరు గారు మా కింది అంతస్తులోనే ఉంటారు. మొదటి రోజు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి "మీరు తింటారా?" అని అడిగారు. తినడం సకర్మక క్రియ అని చిన్నప్పుడు వ్యాకరణంలో చదువుకున్నాం. అద్దె ఇళ్ల దగ్గర మాత్రం ఈ క్రియకు కర్మ ఉండదు. కర్మ మనది. "తినను" అన్నాను. అబద్ధం కాదు, ఆ రోజు శనివారం.

తరువాత నియమాలు వినిపించారు. ఆయన మాంసం అనరు, చేప అనరు. 'నీచు' అంటారు. ఇంట్లో నీచు వండకూడదు, బయటి నుంచి నీచు తేకూడదు, నీచు తిన్న చుట్టాలు వస్తే కింద నిలబడి మాట్లాడి పంపెయ్యాలి. గుడ్డు సంగతి అడిగాను. గుడ్డు కూడా నీచే. మరి పుట్టినరోజు కేకు? "కేకులో గుడ్డు కనపడదు కదండీ" అన్నారు. దేశంలో కోళ్లు పెట్టే ప్రతి మూడు గుడ్లలో దాదాపు ఒకటి తెలుగు రాష్ట్రాలదే. ఆ కోళ్లకు ఈ అట్ట ఎవరూ చదివి వినిపించినట్టు లేదు.

ఇక అసలు ఘట్టం. మొన్న ఒక ఆదివారం మా ఇంట్లో మునక్కాయ, మీల్‌మేకర్ కలిపి మసాలా కూర చేసుకున్నాం. అల్లం వెల్లుల్లి ముద్ద, లవంగాలు, దాల్చినచెక్క, గసగసాలు, అన్నీ పడ్డాయి. పదకొండు గంటలకు మూకుడులోంచి ఘుమఘుమ లేచింది. పదకొండూ అయిదుకు మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఓనరు గారు గుమ్మంలో నిలబడి, ముక్కు ఎగబీల్చి, "కుళాయి బాగానే వస్తోందా?" అని అడిగారు. ఏడాదిన్నరలో ఆయన మా కుళాయి యోగక్షేమాలు అడగడం అదే మొదలు.

మర్నాడు పొద్దున నన్ను కిందికి పిలిపించారు. పార్కింగులో పాత న్యూస్‌పేపరు పరచి ఉంది. దాని మీద మా చెత్తబుట్టలోంచి తీసిన మునక్కాయ పిప్పి వరుసగా పేర్చి ఉంది, పొడుగువి ఒక వైపు, పొట్టివి ఒక వైపు. ఓనరు గారు, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఆయన భార్య, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, వాచ్‌మన్ చుట్టూ నిలబడి ఉన్నారు. మూడో అంతస్తులో ఉండే రిటైరైన పశువైద్యుడిని కూడా పిలిపించారు. పాపం, ఆయన కాఫీ మధ్యలో వదిలేసి వచ్చారు.

డాక్టరు గారు అగ్గిపుల్లతో ఒక పిప్పిని తిప్పి చూశారు. "పెద్ద పశువు కాదు" అన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఇంకొకటి తిప్పారు. "మేక కూడా కాదు." కోడి మెడ అయి ఉండవచ్చునా అని కార్యదర్శి అడిగారు. మెడ అయితే కీళ్లు ఉండాలన్నారు డాక్టరు గారు. చేప అయితే? ముల్లు ఇంత లావు ఉండదట. "సార్, అది మునక్కాయ" అని వాచ్‌మన్ మొదటి నిమిషంలోనే చెప్పాడు. కానీ అతని సాక్ష్యం చెల్లలేదు, ఎందుకంటే అతను తింటాడు. చివరికి పిప్పికి అంటుకుని ఒక మునగ గింజ దొరికింది. డాక్టరు గారు దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించారు. నేను నిర్దోషినని తేలింది. అయినా ఓనరు గారు నన్ను పక్కకు పిలిచి, "ఇకమీదట మునక్కాయ తగ్గించండి, చూసేవాళ్లకు వేరేగా ఉంటుంది" అన్నారు. మీల్‌మేకర్ మీద విచారణ వాయిదా పడింది.

ఇదంతా మా ఓనరు గారి ఒక్కరి చాదస్తమని కొట్టిపారేయకండి. 2024 మార్చిలో జొమాటో సంస్థ శాకాహారం తెచ్చి ఇచ్చే కుర్రాళ్లకు ఆకుపచ్చ చొక్కాలు వేస్తామని ప్రకటించి, మర్నాడే ఆ రంగు వెనక్కు తీసుకుంది. కారణాలు చెబుతూ, మిగతా కుర్రాళ్లు వేసుకునే ఎర్ర చొక్కా గుమ్మంలో కనిపిస్తే కొందరికి ఇంటి ఓనర్లతో ఇబ్బంది రావచ్చునని సంస్థ అధిపతి దీపిందర్ గోయల్ అన్నారు. దేశమంతా అన్నం మోసే కంపెనీ కూడా భయపడింది మా ఓనరు గారికే!

2018 డిసెంబరులో చెన్నై ఐఐటీ భోజనశాలలో శాకాహారులకు వేరే ద్వారం, చేతులు కడుక్కోవడానికి వేరే తొట్టి అని కాగితాలు అంటించారు. విద్యార్థులు గోల చేస్తే తీసేశారు. వేరే దారి, వేరే నీళ్లు. ఈ ఏర్పాటు మన ఊళ్లలో ఎవరూ ఎన్నడూ విననిది కదా!

మా ఆఫీసులో ఒక కుర్రాడు ఉన్నాడు. వీగన్. మాంసం సరే, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా ముట్టడు. తోలు చెప్పులు వేసుకోడు. మా ఎదురు ఫ్లాటు రెండు నెలలుగా ఖాళీగా ఉంటే, ఇంతకంటే తగినవాడు దొరకడని నేనే తీసుకువెళ్లాను. ఓనరు గారు పొంగిపోయారు. "పాలు కూడానా! మమ్మల్ని మించిపోయావు బాబూ" అన్నారు. మంచి రోజు చూసి పాలు పొంగించమన్నారు. కొబ్బరిపాలు పొంగిస్తే సరిపోతుందా అని కుర్రాడు వినయంగా అడిగాడు. పంతులు గారిని కనుక్కుందామన్నారు. అంతా కుదిరింది.

"ఇంతకీ మీరు ఎవరు బాబూ?"

పేరు మళ్లీ చెప్పాడు.

"పేరు కాదు. మీరు ఎవరు అని."

ఊరు చెప్పాడు. ఊళ్లో మీ ఇల్లు ఎటు వైపు అని అడిగారు. అతను అదీ చెప్పాడు, చాలాసార్లు చెప్పి అలవాటైన గొంతుతో. ఓనరు గారు నుదురు కొట్టుకున్నారు. నిన్ననే ఆ ఫ్లాటు మా తోడల్లుడి వాళ్లకు మాట ఇచ్చానన్నారు. ఆ తోడల్లుడు ఇంతవరకు రాలేదు. అట్ట ఇంకా స్తంభానికే ఉంది.

అయ్యా, ఆ కుర్రాడి వంటింట్లోంచి ఏ వాసన వస్తుందని మీ భయం? ఉడికిన బీన్సు వాసనా? మీ ఫ్రిజ్‌లో ఉన్నంత జంతు పదార్థం కూడా అతని ఇంట్లో ఉండదు. మరి ఏ నీచు అంటుకుంది మీ ముక్కుకు? కులం పేరు అట్ట మీద రాస్తే నలుగురూ నిలదీస్తారు. 'శాకాహారులకు మాత్రమే' అని రాస్తే ఆరోగ్యసూత్రంలా ఉంటుంది, అంతేగా? జంతువు మీద జాలితో ఎవరు ఏది మానేసినా నేను దండం పెడతాను. మీరు మానేసింది మాంసాన్ని కాదు, మనుషులను. పాత రోజుల్లో మీ తాతగారికి అట్ట కూడా అవసరం లేకపోయింది, ఊరే ఆ పని చేసి పెట్టేది. సిగ్గు వేయదూ?

ఈ మాటలన్నీ నేను ఆయనతో అన్నాననుకోకండి. నేను ఆ గదిలోనే, ఆయన ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. నా అద్దె ఒప్పందం మార్చితో ముగుస్తుంది.

కుర్రాడికి రెండు వీధుల అవతల ఇల్లు దొరికింది. కింద చికెన్ దుకాణం, పైన గది. ఓనరమ్మ అడిగింది ఒక్కటే, అయిదో తేదీకల్లా అద్దె ఇస్తావా అని. మొదటి ఆదివారం గిన్నె నిండా కోడికూర పంపింది. అతను వద్దన్నాడు. పెరుగు పంపింది. అదీ వద్దన్నాడు. ఒంట్లో బాగాలేదేమోనని ఆవిడే మెట్లెక్కి వచ్చి నుదురు తాకి చూసిందట. ఇప్పుడు ప్రతి ఆదివారం అతనికి విడిగా మునక్కాయ పులుసు వస్తోంది. తిన్నాక పిప్పి తెచ్చి దుకాణం పక్కనున్న డబ్బాలో, కోడి ఈకల మీదే పారేస్తున్నాడు.