మూతపడని జిప్పు

మా ఇంట్లో క్యాబిన్ బ్యాగ్ సర్దడమంటే ఇద్దరి పని. ఒకరు దాని మీద కూర్చోవాలి, ఇంకొకరు జిప్పు లాగాలి. ఈసారి కూర్చున్నది మా ఆవిడ, లాగింది నేను. ఆ విమానం వాళ్లు చెప్పిన కొలతలు 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 25 మందం, బరువేమో 7 కిలోలు. బ్యాగ్ పట్టుకుని ఓసారి, వదిలేసి ఓసారి తూకం మిషన్ ఎక్కి లెక్క తీస్తే 6.9 వచ్చింది. మిగిలిన వంద గ్రాములు వాళ్లకెందుకు వదలాలి అని మా ఆవిడ ఇంకో జత సాక్సులు దూర్చింది.

గేటు దగ్గర పిలవకముందే జనం లైను కట్టేశారు. నాది ఆఖరి గ్రూపు. సీటు ఎటూ నాదే, ముందెక్కినవాళ్లేమన్నా ముందు చేరతారా అనుకుంటూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. సీటుకి నంబరుంటుంది గానీ దాని పైనుండే అరకి ఉండదని, అక్కడ ఎవరు ముందొస్తే వాళ్లదే రాజ్యమని నా బుర్రకి తట్టలేదు.

తీరా విమానం తలుపు దగ్గరికి వెళ్తే ఓ అమ్మాయి చిరునవ్వుతో నా బ్యాగ్‌కి ట్యాగు కట్టేసింది. "పైన ఖాళీ లేదండీ, కిందకి పంపించేస్తాం. లోపల పవర్ బ్యాంకు ఏమన్నా ఉందా సార్?"

ఉంది. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషులున్న చోటైతే ఆర్పొచ్చు, కింద సామాన్ల గదిలో అంటుకుంటే ఎవరూ వెళ్లలేరు, అందుకే దాన్ని చేతిలోనే ఉంచుకోమంటారు. న్యాయమే. కాకపోతే నాది అట్టడుగున, బనియన్ల కింద ఉంది.

అక్కడే మోకాళ్ల మీద కూర్చుని జిప్పు బెత్తెడు తీశాను. మిగతాది అదే తీసుకుంది. లోపలున్నవన్నీ పాలు పొంగినట్టు పైకొచ్చాయి. తడి ఆరని తువ్వాలు, సంచీలో చుట్టిన చెప్పులు, పొద్దున్న దూర్చిన ఆ సాక్సులు. వెనక లైను ఆగిపోయింది. "బాబూ, ఇది మీదే," అని నా వెనకున్న పెద్దాయన ఒక సాక్సు అందించారు. పవర్ బ్యాంకు దొరికింది సరే, ఇప్పుడు మూసేదెలా? బ్యాగ్ మీద నేనే కూర్చుంటే జిప్పు నా కిందే ఉంటుంది, చెయ్యి అందదు. నా అవస్థ చూడలేక ఆ పెద్దాయన, "మీరు లేవండి, నేను కూర్చుంటా," అని బోర్డింగ్ పాసు పళ్ల మధ్య బిగించి, చేతిలోవి పక్కన పెట్టి, బ్యాగ్ మీద కూర్చున్నారు. లాగాను. పట్టింది! తువ్వాలు మాత్రం బయటే ఉండిపోయింది, మెడలో వేసుకున్నా.

లోపలికెళ్లి చూద్దును కదా, నా సీటు పైన అరలో ఒక ల్యాప్‌టాప్ సంచీ అడ్డంగా పడుకుని ఉంది, దాని పక్కన ఇస్త్రీ నలక్కుండా పరిచిన కోటు. ఆ మాటకొస్తే బోయింగ్ 737లకి వచ్చిన స్పేస్ బిన్స్ అనే కొత్త అరల్లో పెట్టెల్ని పక్కకి నిలబెడితే, ముందువాటిలో నాలుగు పట్టే చోట ఆరు పడతాయట. పడితే మాత్రం ఏం లాభం, ఒక్క కోటుకి పట్టుపరుపు వేశాక? దాని ఓనరు అప్పటికే కళ్లు మూసుకుని గాఢనిద్ర నటిస్తున్నాడు.

పెద్దాయన సీటు నా పక్కనే. ఫోన్ చూస్తే 3 శాతం. పోనీలే, ఇంత పరువు పోగొట్టుకుని కాపాడిన పవర్ బ్యాంకు ఒళ్లోనే ఉంది కదా అని జేబులు తడుముకున్నా. కేబులు బ్యాగ్ పక్క అరలో ఉంది. అంటే, మా కాళ్ల కిందెక్కడో.

"ఏం బాబూ, ఏమన్నా మర్చిపోయారా?" అన్నారు పెద్దాయన.

"కేబులండీ. దాంతోపాటే కిందకి పోయింది."

అయ్యో అని జాలిపడి, పేపరు విప్పి, చొక్కా జేబు తడుముకున్నారు. తర్వాత ప్యాంటు జేబులు. తర్వాత మళ్లీ చొక్కా జేబు.

"ఇందాక కూర్చునేటప్పుడు," అన్నారు మెల్లిగా, "నా కళ్లజోడు మీ బనియన్ల మీద పెట్టినట్టున్నానే."