ఏడేళ్ల గడువు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ గడువు గారికి,

నమస్కారాలు. తమరి నివాసం అమెరికా సమాన హక్కుల సవరణ తీర్మానం. కచ్చితంగా చెప్పాలంటే సవరణలో కూడా కాదు, దానికి ముందున్న పీఠికలో. అరుగు మీద కూర్చుని ఇల్లంతా తమదేనని దబాయించేవారిని చాలామందిని చూశాం గానీ, ఆ దబాయింపును కోర్టుల్లో కూడా నెగ్గించుకున్న ఘనత తమరిదే.

ఇంతకీ లోపలున్న సవరణలో కొంపలు ముంచే మాట ఏదీ లేదు. చట్టం ఇచ్చే హక్కుల సమానత్వాన్ని ఆడా మగా అన్న కారణంతో కేంద్రం గానీ, ఏ రాష్ట్రం గానీ కాదనరాదు, తగ్గించరాదు. అంతే సంగతి. మహిళా హక్కుల ఉద్యమ నాయకురాలు ఆలిస్ పాల్ పట్టుదలతో ఇది 1923లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ గడప తొక్కింది. రెండు సభల ఆమోదంతో బయటికి వచ్చింది 1972 మార్చి 22న. మధ్యలో చాలా కాలం ప్రతినిధుల సభ న్యాయ కమిటీ అధ్యక్షుడు ఇమాన్యుయెల్ సెల్లర్ దాన్ని కమిటీ గదిలోనే అట్టిపెట్టారు. 1970లో ఆ సభ సభ్యురాలు మార్తా గ్రిఫిత్స్ తోటి సభ్యుల సంతకాలు పోగుచేసి పైకి లాగేదాకా అది కదలలేదు. కాంగ్రెస్ వారు దాదాపు అర్ధ శతాబ్దం నానబెట్టినంత కాలం తమరి జాడ లేదు. రాజ్యాంగంలో చేరాలంటే నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు కూడా ఆమోదించాలి; వాటి వంతు రాగానే ఏడేళ్లే అంటూ గడియారం పట్టుకుని ప్రత్యక్షమయ్యారు. తమరి సమయపాలనను మెచ్చుకోకుండా ఉండలేను.

మొదట్లో తమరికి దడ పుట్టే ఉంటుంది. హవాయి అదే రోజు ఆమోదించింది. ఏడాది తిరిగేసరికి 30 రాష్ట్రాలు. కావలసినవి 38. అప్పుడు తమరి తరఫున సంప్రదాయవాద ఉద్యమకారిణి ఫిలిస్ ష్లాఫ్లీ రంగంలోకి దిగారు. ఆడపిల్లలను సైన్యంలోకి లాక్కుపోతారని, భర్త పోషణ పొందే హక్కు పోతుందని, మరుగుదొడ్లు ఉమ్మడి అయిపోతాయని ప్రచారం చేశారు. ఆమె అనుచరులు ఇంట్లో కాల్చిన రొట్టెలు, సీసాల్లో జామ్ పట్టుకెళ్లి శాసనసభ్యులకు పంచారు. ఆడవారి స్థానం ఇల్లేనని చెప్పడానికి ఊరూరా సభలు పెట్టిన ఆ ఓపిక సామాన్యమైనది కాదు. 1977లో ఇండియానాతో లెక్క 35కు చేరి అక్కడే ఆగింది. ఐదు రాష్ట్రాలు ఇచ్చిన ఆమోదాన్నే వెనక్కి తీసుకుంటామన్నాయి.

కాంగ్రెస్ 1978లో తమరిని 1982 జూన్ 30 దాకా సాగదీసింది. ఇల్లినాయిస్ శాసనసభలో మామూలు మెజారిటీ దొరికినా చాలదట, ఐదింట మూడు వంతులు కావాలట. ఆ రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఏడుగురు మహిళలు 37 రోజులు నిరాహార దీక్ష చేశారు. తమరు చలించలేదు. మూడంటే మూడు రాష్ట్రాలు తక్కువై కథ ముగిసిందని పత్రికలు రాశాయి.

ఇక్కడ తమరిని ఒక మాట అడగాలి. 1789లో ఇంకో సవరణ బయల్దేరింది. కాంగ్రెస్ సభ్యుల జీతాల్లో మార్పు చేస్తే, అది ఎన్నికలు జరిగాకే అమల్లోకి రావాలన్నది దాని సారాంశం. దానికి గడువు లేదు. 1982లో టెక్సస్‌లో ఒక విద్యార్థి, ఆ సవరణ ఇంకా బతికే ఉందని తరగతి కోసం వ్యాసం రాస్తే సి గ్రేడు వేశారు. ఆ అబ్బాయి ఊరుకోకుండా రాష్ట్రాలకు ఉత్తరాలు రాస్తూ పోయాడు. 1992లో, అంటే 202 ఏళ్లు దాటాక, అది 27వ సవరణగా రాజ్యాంగంలో చేరింది. జీతం సంగతి రెండు శతాబ్దాలైనా పాచిపోదు, సమానత్వం ఏడేళ్లకే మురిగిపోతుంది. ఈ నిల్వ శాస్త్రం తమరు ఎక్కడ అభ్యసించారో?

తరువాతి సంగతి తమరికి తెలిసిందే. 2017లో నెవాడా, 2018లో ఇల్లినాయిస్, 2020లో వర్జీనియా ఆమోదించాయి. లెక్క 38. అయినా గడువు దాటిందని న్యాయశాఖ చెప్పింది, సవరణను ప్రచురించవలసిన జాతీయ అభిలేఖాధికారి, అంటే ప్రభుత్వ పత్రాలను భద్రపరిచే అధికారి, కలం ముట్టలేదు. 2025 జనవరి 17న, దిగిపోవడానికి మూడు రోజుల ముందు, అధ్యక్షుడు బైడెన్ ఇది 28వ సవరణే అని తన అభిప్రాయం ప్రకటించారు. అభిప్రాయం అభిప్రాయంగానే మిగిలింది.

సమాన హక్కుల సవరణ లేక అక్కడి మహిళలు హక్కులను చిల్లరగా కొనుక్కుంటూ వస్తున్నారు. 1963లో సమాన వేతన చట్టం. 1972లో ప్రభుత్వ సొమ్ము అందుకునే విద్యాసంస్థల్లో వివక్షపై నిషేధం. అప్పు ఇవ్వడానికి బ్యాంకు వారు భర్త సంతకం అడిగే ఆనవాయితీకి 1974లో అడ్డుకట్ట. గర్భిణి అని ఉద్యోగంలోంచి తీసేయకూడదని 1978లో మరొకటి. అన్నీ మామూలు చట్టాలే. ఇవాళ కాంగ్రెస్ చేసినదాన్ని రేపటి కాంగ్రెస్ మామూలు మెజారిటీతోనే తీసేయవచ్చు. రాజ్యాంగంలో అక్షరాలా రాసి ఉన్నది మాత్రం 1920లో వచ్చిన ఓటు హక్కు ఒక్కటే. అన్నట్టు, ఆ సవరణకు తమరు తగల్లేదు.

మా రాజ్యాంగంలో ఆడా మగా అన్న వివక్ష కూడదన్న 15వ అధికరణం 1950 నుంచీ ఉంది. అందుకని మీసం మెలేద్దామంటే మాకూ తమరి దాయాది ఒకరున్నారు. చట్టసభల్లో మహిళలకు మూడో వంతు సీట్ల బిల్లు మొదటిసారి 1996లో సభ ముందుకొచ్చి, 2023లో గట్టెక్కింది. ఆ చట్టంలోనే జనగణన కావాలి, ఆపైన నియోజకవర్గాల పునర్విభజన కావాలి, అప్పుడే అమలు అని రాశారు. తమరు ఆలస్యమైపోయిందంటారు, ఆయన ఇంకా వేళ కాలేదంటారు. కలుసుకుంటే ముచ్చట్లకు లోటుండదు.

ఇక తమరిని తొలగించే తీర్మానాల విషయం. 2020లో, 2021లో ప్రతినిధుల సభ నెగ్గించింది. 2023లో సెనేట్‌లో 51 మంది సరేనన్నారు గానీ చర్చ ముందుకు సాగాలంటే 60 ఓట్లు కావాలట. అలాంటి తీర్మానం రెండేళ్లకొకసారి కాంగ్రెస్ మారగానే చెల్లకుండా పోతుంది, మళ్లీ మొదటినుంచీ ప్రవేశపెట్టాలి. తమరిని దించే కాగితానికి కూడా గడువు పెట్టించుకున్నారు. వెయ్యేళ్లు వర్ధిల్లమని దీవిద్దామనుకున్నాను గానీ, తమరికి ఆ అవసరం లేదు.

ఇట్లు,
తమరి గడియారాన్ని చూస్తున్న
ఒక తెలుగు పాఠకురాలు